1915 నాటి జాస్పర్ సర్వే ఫోటో: కెమెరా పెట్టిన చోటు కనుక్కోవడం ఎలా?

అందరికీ నమస్కారం. మేం కాల్గరీలో ఉంటాం. 1915లో సర్వేయర్ బ్రిడ్జ్‌లాండ్ బృందం కెనడా ప్రభుత్వ మ్యాపుల కోసం రాకీ పర్వతాల్లోని జాస్పర్ పార్క్ శిఖరాలెక్కి గాజు పలకల మీద ఫోటోలు తీసింది కదా, వాటిలో ఒకదాని స్కాన్ నా దగ్గరుంది. అదే చోట నిలబడి మళ్ళీ తీయాలని ఉంది. శిఖరం ఏదో తెలిసింది. పైన ఏ మూల కెమెరా పెట్టారన్నదే తేలట్లేదు.

దగ్గరి రాయి, వెనక దూరపు కొండ ఫోటోలో ఉన్నట్టే ఒక వరుసలోకి వచ్చేదాకా జరుగుతూ పోవడమేనా? హిమానీనదాలు కరిగి వెనక్కి పోయాయి, మంచు అంచుల్ని నమ్మలేం. అప్పట్లో కెమెరాను లెవెల్ చేసే తీసేవారు కాబట్టి, ఫోటోలోని క్షితిజ రేఖను (సరిగ్గా కెమెరా ఎత్తులో అడ్డంగా సాగే గీతను) తాకే శిఖరాల ఎత్తును బట్టి కెమెరా ఎత్తు లెక్కగట్టొచ్చా? భూమి వంపు వల్ల ఎంత తేడా వస్తుంది? ఇంట్లోనే సరిచూసుకోవడానికి ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదైనా వాడినవాళ్ళుంటే దయచేసి చెప్పండి. ఎలుగుబంట్ల టెన్షన్ ఎలాగూ ఉంది, పైన ఎక్కువసేపు వెతకలేం.