పేషెంటును స్ట్రెచర్ మీంచి టేబుల్ మీదకి మార్చేటప్పుడు మీరేం వాడుతున్నారు?

పర్లాకిమిడి పెద్దోడు:
మా అమ్మకి తుంటి ఎముక విరిగితే బరంపురంలో ఆపరేషన్ చేయించాం. ఆస్పత్రి పేరు వద్దులెండి, ఆపరేషన్ బాగానే చేశారు. గొడవంతా ఎక్స్‌రే దగ్గరే. నలుగురం దుప్పటి కొసలు పట్టుకుని లేపాం. వార్డు బాయ్‌లు "ఏక, దుయి, తిని" (ఒడియాలో ఒకటి, రెండు, మూడు) అన్నారు. తిని అన్నాక లేపాలని నేనూ మా బావా అనుకున్నాం, వాళ్లు తినితోపాటే లేపేశారు. అమ్మ ఒక పక్కకి ఒరిగిపోయి అరిచింది. స్ట్రెచర్‌కి బ్రేకు కూడా వెయ్యలేదు. ఎల్లుండి డిశ్చార్జి, వచ్చే వారం మళ్లీ ఎక్స్‌రే. ఏదైనా సామాను కొనుక్కోవాలా?

రాయగడ సిస్టర్:
మీరు కొనక్కర్లేదు, అడగండి చాలు. మనిషి పొడవుండే పల్చటి ప్లాస్టిక్ పలక ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ బోర్డు. మా దగ్గర ఓటీ (ఆపరేషన్ థియేటర్) తలుపు వెనక నిలబెట్టి ఉంటుంది, అడిగితే తప్ప బయటికి రాదు. అమ్మని కాస్త ఒత్తిగిలించి, దాన్ని సగం వీపు కిందకి దూర్చి, మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టాలి. మిగతా సగం టేబుల్ మీద ఉంటుంది, మధ్యలో సందు మూసుకుపోతుంది. ఇక లేపే పనే లేదు, జరపడమే. కింద స్లైడ్ షీట్ (జారుడు నైలాన్ గుడ్డ) కూడా వేస్తే ఇద్దరు ముగ్గురితో అయిపోతుంది. ఊరికే దుప్పటితో ఈడిస్తే ముసలివాళ్ల చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి.

రెండు వైపులా బ్రేకులు, ఎత్తు సమానం, లేదా మార్చే చోటు ఓ అంగుళం కిందకి. యూరిన్ బ్యాగు ముందే అటు పెట్టేయండి. ఒత్తిగిలించేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు మర్చిపోవద్దు, ఆపరేషనైన కాలు రెండో కాలి మీదకి దాటకూడదు.

పాత అటెండరు:
22 ఏళ్లు ఈ పనే చేశాను. ఇప్పుడు నడుముకి బెల్టు లేకుండా బజారుకి కూడా వెళ్లలేను. మా రోజుల్లో బోర్డు అడిగితే "నీకు చేతుల్లేవా" అనేవారు.

జయపురం ఫిజియో:
పేషెంటును చేతులతో ఎత్తేటప్పుడు ఒక్కో మనిషి మీద 16 కిలోలకి మించి పడకూడదని అమెరికాలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం, భద్రత చూసే నియోష్ సంస్థ లెక్క. 60 కిలోల మనిషిని నలుగురు పడితే తలా 15 అనుకుంటాం. కానీ బరువంతా నడుము, ఛాతీ దగ్గరే కదా, కాళ్ల వైపు పట్టినవాడు హాయిగా ఉంటాడు.

సిరోంచ కుర్రాడు:
మేం నాన్నకి పాత ఎలక్షన్ ఫ్లెక్సీ కోసి వాడాం. నాయకుడు ఆ ఒక్కసారీ పనికొచ్చాడు. మా దగ్గర లెక్క మరాఠీలో, "ఏక్, దోన్, తీన్".

రాయగడ సిస్టర్:
జారుతుంది, నిజమే. కానీ అంచులు కోస్తాయి, పట్టుకోడానికి పిడులుండవు. ఫ్లెక్సీ అయినా స్లైడ్ షీట్ అయినా పనవ్వగానే తీసెయ్యాలి, లేకపోతే పేషెంటు రాత్రి మంచం మీంచి జారిపోతారు. ఇంకో మాట. మెడ, వెన్నెముక దెబ్బలైతే ఇవేవీ ఇంట్లోవాళ్లు చెయ్యకండి. ఒకరు తల పట్టుకుని, మనిషినంతా ఒకే దుంగలా దొర్లించాలి.

జయపురం ఫిజియో:
పెద్దోడు గారూ, ఇంట్లో వీల్‌చైర్‌కి మార్చేటప్పుడు చంకల కింద పట్టి లాగొద్దు. అమ్మ నడుముకి కట్టే పిడుల బెల్టు దొరుకుతుంది. చైరు బాగున్న కాలి వైపు పెట్టండి. ఆపరేషనైన కాలి మీద ఎంత బరువు మోపొచ్చో సర్జన్‌నే అడగండి. కూర్చుంటే మోకాళ్లు తుంటి కంటే పైకి రాకూడదు, అందుకే పల్లపు కుర్చీ వద్దు.

పర్లాకిమిడి పెద్దోడు:
ఇవాళ ఎక్స్‌రే అయింది. బోర్డు ఉందా అంటే "ఉంది, ఎవరూ అడగరు" అని దుమ్ము దులిపి తెచ్చారు. లెక్క మాత్రం ముందే తేల్చుకున్నాను, తినితోనా, తిని తర్వాతా అని. వాళ్లు నవ్వి "తినితోనే" అన్నారు. అమ్మ ఈసారి "అయిపోయిందా?" అంది. బెల్టు కొన్నాను. మా వీల్‌చైర్‌కి చేతులు ఊడి రావట్లేదు, పక్కనుంచి జరపడం కుదరట్లేదు. ఊడొచ్చే రకం శ్రీకాకుళంలో దొరుకుతుందా?