అమ్మకి కరెంటు బ్రష్షు కొనొచ్చా? వాడినవాళ్లు చెప్పండి

కోనసీమ_అబ్బాయి
మా అమ్మకి 64 ఏళ్లు. కీళ్లవాతం వల్ల కుడిచేతి వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. అన్నం ఎలాగో కలుపుకుంటుంది గానీ బ్రష్షు పట్టు దొరకదు. ముందు పళ్లు నాలుగూ తోముకుని, దవడ పళ్ల దాకా చెయ్యి వెళ్లక ఉప్పునీళ్లు పుక్కిలించి వచ్చేస్తోంది. పోయిన నెల చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని పళ్ల డాక్టరుకి చూపించాం. గార బాగా పట్టిందని క్లీనింగ్ చేశారు. ఇంట్లో సరిగ్గా తోముకోకపోతే ఆర్నెల్లలో మళ్లీ ఇంతే అన్నారు.

ఎలక్ట్రిక్ బ్రష్ కొందామనుకుంటున్నాను. నేనెప్పుడూ వాడలేదు, మా వీధిలో వాడేవాళ్లూ లేరు. రోజూ రెండు పూటలా వాడితే చిగుళ్లు అరిగిపోతాయని మా బావ అంటున్నాడు. గిర్రున తిరిగేది నోట్లో పెట్టుకోవడానికి అమ్మ భయపడుతుందేమోనన్నది నా అసలు బెంగ. మీ అనుభవాలు చెప్పండి.

బెజవాడ_లెక్చరర్
ఆరేళ్లుగా వాడుతున్నానండి. అరుగుదల సంగతి నా నోటితో జరిగిందే చెబుతాను. ముప్పయ్యేళ్లు మామూలు బ్రష్షుతో అంట్లు తోమినట్టు తోమాను. కుడిచేతి వాటం కదా, బరువంతా ఎడమవైపు కోరపన్ను మీద, దాని పక్క పన్ను మీద పడేది. అక్కడ చిగురు తగ్గిపోయి, పన్ను మొదట్లో గోరు పెడితే ఆగేంత గాడి పడింది. కుండలో నీళ్లు తాగినా జివ్వున లాగేది. అంటే అరగదీసింది కరెంటు కాదు, నా చెయ్యి.

డాక్టరు సలహా మీద ప్రెషర్ సెన్సర్ ఉన్నది తీసుకున్నాను. గట్టిగా నొక్కితే బ్రష్షు మెడ దగ్గర ఎర్రలైటు వెలుగుతుంది. మొదటి వారం ఆ లైటు ఆరితే ఒట్టు! అప్పుడు గానీ తెలియలేదు, ఇన్నేళ్లూ పళ్లతో ఎంత మోటుగా ఉన్నానో. గాడి పూడ్పించుకున్నాను. తగ్గిన చిగురు మాత్రం మళ్లీ పెరగలేదు, పెరగదు కూడా. మీ బావగారి భయం తప్పు కాదు గానీ, సెన్సర్ ఉన్నది కొంటే ఆ భయం చాలావరకు తీరుతుంది.

డల్లాస్_వదిన
ఎవరైనా అమెరికా నుంచి తెస్తామంటే వద్దనండి. మా అత్తగారికి నేనలాగే ప్రేమగా పంపాను. ఇక్కడ కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. ఛార్జరు అడుగున 100–240 అని ఉందో లేదో నేను చూడలేదు. తెనాలిలో ప్లగ్గులో పెట్టిన మొదటి రోజే కాలిన వాసన వచ్చి పోయింది. పైగా ఈ మోడల్‌కి సరిపడే, మార్చుకునే బ్రష్షు తలలు అక్కడ దొరకలేదు. మీ ఊళ్లోనో కాకినాడలోనో తలలు దొరికే రకమేదో ముందు కనుక్కుని, అప్పుడు కొనండి.

మర్రిగూడ_బిడ్డ
అన్నా, ఒక్క ముచ్చట. మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినోళ్లం. నా పళ్ల మీద గోధుమరంగు చారలుంటయి. ఎలక్ట్రిక్ బ్రష్ కొంటే పోతయేమోనని ఏడాది వాడిన. పోలే. ఆ మరక పన్ను మీద పట్టింది కాదు, చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడ్డదని డాక్టర్ సారు చెప్పిండు. ఛాయ్ మరకలు, పాచి మాత్రం మంచిగనే పోతున్నయి. తెల్లగైతయని ఎవరన్న అమ్మజూస్తే నమ్మకుండ్రి.

ఓరుగల్లు_పళ్లడాక్టరమ్మ
నేను ఇరవై ఏళ్లుగా ప్రాక్టీసులో ఉన్నాను. మీ అమ్మగారి లాంటి వాళ్లకి నేనే స్వయంగా రాసిస్తాను.

పరిశోధనల మాటకొస్తే, వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ 2014లో ఇచ్చిన సమీక్షలో 56 అధ్యయనాలను కలిపి చూశారు. మామూలు బ్రష్షుతో పోలిస్తే ఎలక్ట్రిక్ బ్రష్‌తో పళ్ల మీది పాచి మూడు నెలల లోపు 11 శాతం, ఆ తర్వాత 21 శాతం ఎక్కువగా తగ్గింది. చిగుళ్ల వాపులో తేడా 6 శాతం, 11 శాతం. మేలు ఉంది, కానీ కొండంత కాదు. చేతులు బాగా పనిచేసే మనిషి మెత్తటి బ్రష్షుతో రెండు నిమిషాలు ఓపిగ్గా తోముకుంటే దాంతో నిశ్చింతగా ఉండొచ్చు. చెయ్యి తిరగనివాళ్ల సంగతి వేరు. అక్కడ మోటారు ఆ చేతి పనిని చేసిపెడుతుంది. పిడి లావుగా ఉండటం కూడా వాళ్లకి కలిసొస్తుంది. వేళ్లతో కాకుండా గుప్పిట్లో పట్టుకోవచ్చు.

పేషెంట్లు చేసే పెద్ద పొరపాటు, దాన్ని కూడా ముందుకీ వెనక్కీ రుద్దడం. రుద్దొద్దు. పన్నూ చిగురూ కలిసే గీత మీద కొంచెం ఏటవాలుగా ఆనించి, రెండు మూడు సెకన్లు ఆగి, పక్క పన్నుకి జరపాలి. చాలా వాటిలో ముప్పై సెకన్లకోసారి చిన్న కుదుపు వస్తుంది. నోటిని నాలుగు భాగాలనుకుని, కుదుపు రాగానే తర్వాతి భాగానికి వెళ్లమని చెప్పండి. నాలుగూ అయితే రెండు నిమిషాలు. పేస్టు శనగగింజంత చాలు, ఫ్లోరైడ్ ఉన్నది. బ్రష్షు పన్నుకి ఆనించాకే స్విచ్చి నొక్కాలి, లేకపోతే అద్దమంతా నురగే.

గుండ్రటి తల గిరగిరా అటూ ఇటూ తిరిగేది ఒక రకం. నిమిషానికి వేలసార్లు సన్నగా అదురుతూ కదిలే సోనిక్‌ది ఇంకో రకం. భయపడేవాళ్లకి సోనిక్‌లో తక్కువ స్పీడుతో మొదలుపెట్టిస్తాను. వాపున్న చిగుళ్ల నుంచి మొదట్లో కాస్త రక్తం రావచ్చు, ఆపకండి. రెండు వారాలు దాటినా వస్తుంటే మళ్లీ చూపించండి. పేస్‌మేకర్ ఉంటే మాత్రం కొనేముందే గుండె డాక్టరుని అడగాలి.

ఏ బ్రష్షయినా పళ్ల సందుల్లోకి పోదు. దానికి సందుల బ్రష్షో దారమో తప్పదు.

కర్నూలు_గృహిణి
నేను ఆర్నెల్లు వాడి మామూలు బ్రష్షుకి వచ్చేశాను. పెన్సిల్ సెల్లుతో నడిచేది, వెయ్యి లోపే వచ్చింది. సెల్లు నీరసించే కొద్దీ కదలిక మందగించేది, అది నేను గమనించేదాన్ని కాదు. ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. తలని రోజూ ఊడదీసి కడగాలి. ఒకసారి మూడు వారాల తర్వాత ఊడదీస్తే లోపల కడ్డీ చుట్టూ నల్లటి జిగట, పాతనీళ్ల వాసన. నోట్లో పెట్టుకున్నది దీన్నా అని కడుపులో తిప్పింది. ఇప్పుడు మా అబ్బాయి పళ్లకి క్లిప్పులు వేశారని వాడికొకటి కొన్నాం, ఛార్జింగ్‌ది. వాడి బ్రష్షు తల నేనే కడిగి, నిలబెట్టి ఆరబెడతాను. మూడు నెలలకోసారి తల మార్చాలి కాబట్టి, నలుగురున్న ఇంట్లో ఏడాదికి పదహారు తలలు. ఆ ఖర్చూ లెక్కేసుకోండి.

కోనసీమ_అబ్బాయి
అందరికీ ధన్యవాదాలు. కొని మూడు వారాలైంది, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. సోనిక్‌ది, సెన్సర్ ఉన్నది తీసుకున్నాం. కాకినాడలో తలలు దొరుకుతున్నాయి.

మొదటి రోజు స్విచ్చి నొక్కగానే అమ్మ ఉలిక్కిపడి తీసేసి, "నోట్లో తుమ్మెద దూరినట్టుందిరా" అంది. నేను పక్కన నిలబడి నా అరచేతికి ఆనించి చూపించాను, తర్వాత తన గోటికి. మూడో రోజుకి భయం పోయింది. గుప్పిట్లో పట్టుకోమన్న మాట బాగా పనికొచ్చింది డాక్టరమ్మ గారూ. తడిచేతికి జారుతోందంటే పిడికి పాత బనీను గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వేశాను. చిన్నప్పుడు ఉత్తరేణి పుల్లతో తోముకుని కాలవలో పుక్కిలించేదాన్నని చెబుతూ, కుదుపు కోసం చెవి ఒగ్గి వింటోంది. ఉమ్మినప్పుడు ఎరుపు కనిపించి వారం దాటింది.

ఎడమవైపు కింది దవడ లోపలి భాగం మాత్రం తనకి ఇంకా అందడం లేదు. రాత్రిపూట అక్కడ నేను పట్టుకుంటున్నాను. సందుల బ్రష్ ఏ సైజుది కొనాలండీ?

ఓరుగల్లు_పళ్లడాక్టరమ్మ
చూడకుండా చెప్పలేను బాబూ, సందు సందుకీ సైజు మారుతుంది. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి కొలిచి ఇమ్మనండి. బలవంతంగా దూర్చేది మాత్రం వద్దు. కింది దవడ లోపలికి పట్టేటప్పుడు ఆవిడని నోరు పెద్దగా తెరవమనండి. బుగ్గవైపు తోమేటప్పుడైతే సగం తెరిస్తేనే బుగ్గ వదులై మీ చేతికి చోటు దొరుకుతుంది.