పాటను మధ్యలో తుంచని కచేరీ చిత్రాలు ఏవైనా సూచించగలరా?

అమెరికా నల్లజాతీయుల సంగీత రీతులైన జాజ్, బ్లూస్, సోల్ కచేరీల చిత్రాలను ఈ మధ్యనే చూడడం మొదలుపెట్టిన నాకు అనుభవజ్ఞుల సలహా కావాలి. అరీతా ఫ్రాంక్లిన్ 1972 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక బాప్టిస్టు చర్చిలో రెండు రాత్రులు పాడిన భక్తిగీతాల చిత్రం ‘అమేజింగ్ గ్రేస్’ నన్ను కదిలించింది. చిత్రీకరణలో క్లాపర్ బోర్డు (షాట్ మొదట్లో టప్పున కొట్టే పలక) వాడకపోవడం వల్ల బొమ్మకూ ధ్వనికీ పొంతన కుదరక, ఆ రీళ్లు దశాబ్దాల పాటు మూలనపడి, 2018లో గాని ప్రేక్షకుల ముందుకు రాలేదట. ఆమె ముఖం మీది చెమట, వెనుక గాయక బృందం ఉండబట్టలేక లేచి నిలబడడం, అన్నీ పాటతో పాటే సాగుతాయి.

తరువాత న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో 1969లో జరిగిన సాంస్కృతికోత్సవంపై 2021లో వచ్చిన ‘సమ్మర్ ఆఫ్ సోల్’ చూశాను. చరిత్రపరంగా అది ఎంతో విలువైనదే కాని, పాట ఊపందుకునే సరికి ఎవరో ఒకరు మాట్లాడడం మొదలుపెడతారు. కచేరీలో పక్కవారు పలకరించినట్లు నాకు చిరాకు కలిగింది (నా చాదస్తమే కావచ్చు). అమెరికాలో 1958 న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో తీసిన ‘జాజ్ ఆన్ ఎ సమ్మర్స్ డే’లోనూ థెలోనియస్ మంక్ పియానో వాయిస్తుండగా దృశ్యం పడవ పందేల వైపు మళ్లిపోతుంది.

వ్యాఖ్యానం అడ్డురాకుండా పాటను ఆసాంతం చూపే చిత్రాలు ఏవి? ముఖ్యంగా బ్లూస్ గిటారు వాయించే వేళ్లు స్పష్టంగా కనిపించేవి తెలుపగలరు. తీగను వంచి స్వరాన్ని కదిలించే ఆ పద్ధతిని మన వీణ గమకంతో పోల్చి చూడాలని నా కోరిక. ఆంగ్ల ఉపశీర్షికలు ఉంటే మరీ మేలు.