'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్' పోటీలు బళ్లలో ఉంచాలా, తీసేయాలా?

పెన్నాతీరం (నెల్లూరు):
నా మాట ముందే చెప్పేస్తాను. తీసేయాలి.

మా అమ్మాయి ఆరో తరగతి. ఇంట్లో పనికిరాని వస్తువులతో ఏదైనా చేసి తెమ్మని బడి నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఆ సాయంత్రం స్టేషనరీ షాపుకి వెళితే సగం క్లాసు తల్లిదండ్రులు అక్కడే ఉన్నారు. కొంటున్నవన్నీ కొత్తవే. ఐస్‌క్రీమ్ పుల్లల కట్టలు, గ్లూ గన్ కడ్డీలు, గ్లిట్టర్, రంగురంగుల ఫోమ్ షీట్లు. ఒకాయన రెండు కూల్‌డ్రింక్ సీసాలు కొన్నాడు. ప్రాజెక్టుకి ఖాళీ సీసాలు కావాలట, ఇంటికెళ్లి పిల్లలతో తాగిస్తాడట. థర్మాకోల్ అడిగినవాళ్లకి లోపలి గదిలోంచి తెచ్చి ఇస్తున్నారు. అలంకరణకి వాడే థర్మాకోల్‌ని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అమ్మకూడదు, వాడకూడదు. పర్యావరణం పేరు చెప్పి పెట్టిన పోటీ కోసం పిల్లల కళ్లముందే ఆ సరుకు కొనిపెడితే వాళ్లు నేర్చుకునేదేమిటి?

ప్రదర్శన అయిపోయాక అవన్నీ మూలన గుట్టగా పడేశారు. మా ఇంట్లోంచి చెత్త తగ్గింది లేదు, షాపులోంచి కొత్త చెత్త వచ్చింది. మీ బళ్లలో ఎలా ఉందో చెప్పండి.

సుద్దముక్క (మదనపల్లె):
పెన్నాతీరం గారూ, మీ కోపం సరైనదే. కానీ తీసేయాలనడం తొందరపాటు. నేను ప్రభుత్వ బడిలో సైన్సు చెబుతాను. మాకు ల్యాబు లేదు. వాడేసిన సిరంజీలు కడిగి, సెలైన్ గొట్టాలు కాదు, అక్వేరియం గొట్టం ముక్కలతో కలిపితే పాస్కల్ సూత్రం (మూసి ఉన్న నీటిని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అంతటా సమానంగా పాకుతుందనేది) పిల్లల వేళ్లకి అర్థమవుతుంది. (వాడిన ఆసుపత్రి సామాను పిల్లలకి ఇవ్వకండి. సిరంజీలంటే మందులకి కాక ప్రింటరు ఇంకుకి వాడినవి.)

అరవింద్ గుప్తా గారి పేరు ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, చెత్తతో సైన్సు బొమ్మలు చేయడానికే జీవితం పెట్టిన మనిషి, 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన అగ్గిపుల్లల్ని సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపే పద్ధతి నేను ప్రతి ఏడాదీ చేయిస్తాను. మూడు పుల్లలు కలిపితే త్రిభుజం, ఎంత నొక్కినా కదలదు. నాలుగు కలిపితే చతురస్రం, వేలితో తోస్తే పక్కకి ఒరిగిపోతుంది. వంతెనలకీ కరెంటు టవర్లకీ త్రిభుజాలే ఎందుకు పెడతారో ఇక నేను చెప్పక్కర్లేదు, పిల్లలే చెబుతారు. ఇదంతా తీసేయమంటారా?

తుక్కు లెక్క (గుంటూరు):
మాది పాత సామాన్ల షాపు, మా నాన్నగారి కాలం నుంచి. పంతులుగారు బడివైపు నుంచి చెప్పారు, నేను మా కాటా వైపు నుంచి చెబుతాను.

వాటర్ బాటిల్, కూల్‌డ్రింక్ బాటిల్ మాకు చెత్త కాదు, సరుకు. మూత వేరు, లేబుల్ వేరు, సీసా వేరు చేసి బేళ్లు కట్టి పంపిస్తాం. అక్కడ కడిగి ముక్కలు చేసి కరిగించి పాలిస్టర్ పీచు తీస్తారు. దిళ్లలో దూదిలా కనిపించేది చాలావరకు అదే. అదే సీసాకి యాక్రిలిక్ రంగు వేసి, గ్లూ గన్‌తో జనపనార తాడు చుట్టి, పైన పూసలంటించి తెస్తే నేను తీసుకోను. పై ఫ్యాక్టరీ వాడూ తీసుకోడు. ఆ గ్లూ కడ్డీ కూడా ప్లాస్టిక్కే, కానీ వేరే రకం. రంగు ఇంకో రకం. మూడూ కలిశాక విడదీసే దారి లేదు.

బీరు సీసా సంగతి ఇంకా బాధ. కడిగి మళ్లీ నింపడానికి అవి కంపెనీలకే తిరిగి వెళతాయి. ఒక్కో సీసా ఎన్నోసార్లు తిరుగుతుంది. దానికి రంగు వేసి షోకేసులో పెట్టారంటే ఆ తిరుగుడు అక్కడితో ఆగిపోయినట్టే. యూట్యూబ్‌లో దాన్ని 'చెత్తకి కొత్త ప్రాణం' అంటుంటే చూడలేకపోతున్నాను. ప్రాణమున్న సీసాని తీసుకొచ్చి చంపుతున్నారండీ.

పెన్నాతీరం:
ఇదే నేను చెప్పాలనుకున్నది, నాకంటే బాగా చెప్పారు. గ్లిట్టర్ గురించి కూడా ఒక మాట. అది ప్లాస్టిక్ పొరకి అల్యూమినియం పూత పూసి సన్నగా కత్తిరించిన పొడి. చీపురుకి రాదు, నేరుగా కాలవలోకే. యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరు నుంచి విడి ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మకాన్నే ఆపేసింది. మనం మూడో తరగతి పిల్లల చేతికి ఇస్తున్నాం.

మెంతిముద్ద (అమలాపురం):
చర్చ బాగుంది. కానీ అందరూ 'చెత్తతో చేయడం' మంచిదా చెడ్డదా అని వాదిస్తున్నారు. ఏ చెత్త, దేనితో కలిపారు అన్నది తుక్కు లెక్క బాబు ఒక్కడే పట్టుకున్నాడు.

మా అత్తగారు పాత కాగితాలతో బుట్టలు చేసేవారు. నేనూ చేస్తాను. కాగితాలు చిన్న ముక్కలుగా చింపి నాలుగు రోజులు నానబెట్టాలి, రోజూ నీళ్లు మార్చాలి. చేత్తో పిండితే పీచు పీచుగా విడిపోయినప్పుడు, నానిన మెంతులు వేసి రోట్లో రుబ్బాలి. మెంతుల జిగురే ఇక్కడ అంతా. బోర్లించిన గిన్నె మీద తడి గుడ్డ పరిచి, ఆ ముద్దని చుట్టూ ఒకే మందంలో తట్టాలి. అంచు దగ్గర కాస్త మందంగా ఉండాలి, లేకపోతే ఎండేటప్పుడు చీలుతుంది. మంచి ఎండలో రెండు రోజులు. గుడ్డతో సహా ఊడి వస్తుంది, అప్పుడు గుడ్డ లాగేయడమే. చేటలకి సందులు మూసుకుపోయేలా పూసేదీ ఈ ముద్దే. చేదుకి పురుగు చేరదంటారు. పాడైపోతే నీళ్లలో వేసి మళ్లీ రుబ్బుకోవచ్చు, లేదా మొక్కల మొదట్లో వేస్తే మట్టిలో కలుస్తుంది.

చేర్యాల మాస్కులు కూడా రంపపు పొట్టు, చింతగింజల ముద్దతోనే కదా చేస్తారు. మనవాళ్లు వాడిన జిగురులన్నీ వంటింట్లోంచో చెట్టు మీంచో వచ్చినవే. కుట్టినది విప్పుకోవచ్చు, అల్లినది ఊడదీసుకోవచ్చు, పిండితో అంటించినది నానబెట్టుకోవచ్చు. గ్లూ గన్ వచ్చాకే ఈ పేచీ. పోటీ ఉంచండి, గ్లూ గన్ తీసేయండి. నా తీర్పు అదే.

నల్లమల గాలి:
అమ్మా, ఒక జాగ్రత్త చెప్పనివ్వండి. న్యూస్‌పేపర్‌తో చేసిన బుట్టలో తినే వస్తువులు నేరుగా పోయొద్దు. అచ్చు ఇంకు మంచిది కాదని, న్యూస్‌పేపర్‌లో తినుబండారాలు కట్టొద్దని 2016లోనే ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) చెప్పింది. ఊలు ఉండలకో, దారాలకో అయితే బ్రహ్మాండం.

మెంతిముద్ద:
నిజమే నాయనా. మా అత్తగారి రోజుల్లో పప్పులు పోసేవారు. ఇప్పుడు నేను పిల్లల రాతపుస్తకాల కాగితాలు వాడుతున్నాను, అయినా ఉల్లిపాయలే వేస్తాను.

రంగులరాట్నం (బెంగళూరు):
నాకు ఈ ధోరణి నచ్చట్లేదు. ప్రతి వస్తువూ మళ్లీ కాటాకి ఎక్కాలా? చేతులతో ఒక అందమైన వస్తువు చేసుకుని ఇంట్లో పెట్టుకోవడం తప్పెలా అవుతుంది? చండీగఢ్‌లో రాక్ గార్డెన్ చూశారా? నేక్‌చంద్ అనే రోడ్ల ఇన్‌స్పెక్టరు 1957 ప్రాంతంలో ఎవరికీ తెలియకుండా మొదలుపెట్టాడు. పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, పాత ఇళ్ల శిథిలాలు ఏరుకొచ్చి బొమ్మలు చేశాడు. 1976లో దాన్ని జనానికి తెరిచారు. ఈ రోజుకీ దేశం నలుమూలల నుంచీ వచ్చి చూస్తున్నారు. మన తెనాలిలో ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్నారు. వాళ్లని కూడా 'రీసైక్లింగ్ ఆపేశారు' అంటామా?

తుక్కు లెక్క:
అనం అన్నా. గాజుల ముక్కలు మాలాంటి వాళ్లు ఎవరూ కొనరు, అవి నిజంగానే పనికిరానివి. ఆయన వాటిని సిమెంటులో పొదిగి అన్నేళ్లు నిలిచేలా చేశాడు. తెనాలి విగ్రహంలో బోల్టూ నట్టూ గేరూ అన్నీ ఇనుమే, ఇనుముతోనే వెల్డింగ్. రేపు ఎవరికీ అక్కర్లేకపోతే అదే కాటా మీద అదే ఇనుముగా తూగుతుంది. నా అభ్యంతరం అందం మీద కాదు. బాగున్న సరుకుని పాడుచేసి, మూడు వారాలకి పారేసే అందం మీద.

రంగులరాట్నం:
మూడు వారాలకి పారేస్తారని మీరెలా అంటారు? మా ఇంట్లో నేను చేసిన సీసా దీపం ఇప్పటికీ వెలుగుతోంది. సరే, బీరు సీసా మాట నాకు తెలియదు, అది ఒప్పుకుంటాను. కానీ పిల్లలకి రంగులు, మెరుపులు లేకుండా క్రాఫ్ట్ అంటే ఎవరూ ముట్టుకోరు.

అతుకుల బొంత (హనుమకొండ):
ముట్టుకుంటారు తమ్ముడూ. మా ఇంటికి ఒకసారి రండి. నేను బొంతలు కుట్టి అమ్ముతాను. నాలుగైదు పాత నూలు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, మూలలకి బరువు పెట్టి, పైన మంచి అంచున్న చీర వేసి, అంచు నుంచి లోపలికి గళ్లు గళ్లుగా కుట్టుకుంటూ రావాలి. పక్కింటి పిల్లలు బడి నుంచి రాగానే సూది పట్టుకుని కూర్చుంటారు. ఏ చీర ఎవరిది, ఏ పెళ్లికి కొన్నది అని అడుగుతారు. రంగులకి కొదవేముంది? అంతా రంగులే. ఒక్కటే, పాలిస్టర్ చీరలు తేవొద్దు. పొరలు జారిపోతాయి, చెమట పీల్చవు.

నా బాధ వేరే. కొనేవాళ్లు "పాత చీరలే కదా, ఇంత రేటెందుకు?" అంటారు. చీర పాతదే, నా కళ్లూ నడుమూ పాతవి కావు కదా. బొంత పని చూసి ఇవ్వాలి ధర. బడుల్లో ఈ పోటీలు పెట్టేటప్పుడు ఒక్క ముక్క నేర్పండి: వస్తువు ఉచితంగా దొరికినా పని ఉచితం కాదు.

ఇంకొకటి. 'ఎకో ఫ్రెండ్లీ' అని కొత్త నూలు సంచులు కొని పంచుతున్నారు. బ్రిటన్ పర్యావరణ ఏజెన్సీ 2011లో లెక్క వేసింది. కొత్త నూలు సంచిని కనీసం 131 సార్లు వాడితేగానీ, వాతావరణానికి చేసే చెరుపులో అది ఒక్కసారి వాడిన పల్చటి ప్లాస్టిక్ కవరుకి సమానం కాదట. పత్తి పండించడానికి, నేయడానికి అయ్యే ఖర్చు అంతుంటుంది మరి. అదే చిరిగిన దిండు గలీబుతో సంచి కుట్టారనుకోండి, ఆ పత్తి ఎప్పుడో పండేసింది. మొదటి రోజు నుంచే లాభం. ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఆరో తరగతికి ఏముంది?

సుద్దముక్క:
అందరివీ చదివాను. మా హెడ్‌మాస్టరు గారితో మాట్లాడి ఈసారి నోటీసు ఇలా పెడుతున్నాం. ఏదీ కొనకూడదు. గ్లూ గన్, థర్మాకోల్, గ్లిట్టర్ వద్దు. కుట్టు, ముడి, అల్లిక, పిండి జిగురు, వాల్వ్ ట్యూబు ఏదైనా సరే. వస్తువు ఇంట్లో వాడకంలో ఉండాలి. చేసింది బడిలోనే, తల్లిదండ్రుల చేత కాదు. ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బులు తేవొద్దని విడిగా రాస్తున్నాం, వాటిలో పాదరసం ఉంటుంది, పగిలితే ప్రమాదం. టెర్మ్ చివర మళ్లీ చూపించమని అడుగుతాం, మార్కులు అప్పుడే.

పెన్నాతీరం:
ఇలా పెడితే నాకు అభ్యంతరం లేదు, ఒక్క మార్కులు తప్ప. మార్కులున్నంత కాలం తల్లిదండ్రుల చేతులు ఆగవు. బహుమతి, మార్కు రెండూ తీసేసి చూడండి.

సుద్దముక్క:
మార్కులు లేకపోతే ఆ పీరియడ్‌ని లెక్కల టీచరు పట్టుకుపోతారు, మా కష్టం అది. ఈ టెర్మ్‌కి మార్కులతోనే నడిపి, ఎంతమంది ఇళ్లలో వస్తువు వాడకంలో ఉందో చూసి ఇక్కడే చెబుతాను. మెంతిముద్ద గారూ, కిలో కాగితానికి మెంతులు ఎన్ని వేయాలి?

మెంతిముద్ద:
నేను కొలత చూసి వేయను మాస్టారూ. రుబ్బిన ముద్ద పిడికిట్లో నొక్కితే వేళ్ల అచ్చు నిలవాలి, చేతికి అంటకూడదు. అంటితే కాగితం, విడిపోతే మెంతులు కలపండి. పిల్లలకి అలాగే నేర్పండి.