మార్చి 29 ఆదివారం పిల్లల కార్యక్రమం: హాలు సంగతి వెంటనే తేల్చాలి

ఎడిసన్ మాస్టారు, మంగళవారం రాత్రి 9:40
మన పిల్లలూ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) పిల్లలూ కలిసి ఒకరి అక్షరాలు ఒకరు నేర్చుకునే ఆదివారం దగ్గర పడింది. ఎవరు ఏ పని ఒప్పుకున్నారో ఈ గ్రూపులోని పేర్లతోనే మరోసారి రాస్తున్నాను, తప్పుంటే ఇక్కడే చెప్పండి. హాలు, బల్లలు, మైకు: లెక్కల పుస్తకం. పులిహోర, ఉగాది పచ్చడి: మిరపతోట. హీబ్రూ అక్షరాలు, యూదుల పస్కా పండుగ ప్రశ్నలు: కవలల అమ్మ. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెం ఫోటోలు, ప్రొజెక్టరు: చేబ్రోలు కాలువ. తెలుగు గుణింతం నేను చూసుకుంటాను. మన తెలుగు బడి పిల్లలు 19 మంది, సినగాగ్ ఆదివారం బడి పిల్లలు 14 మంది. అందరూ ఐదో తరగతి లోపు వాళ్లే. పలకలు ఎవరు తెస్తారో ఇంకా తేలలేదు.

లెక్కల పుస్తకం, 10:15
పలకల సంగతి తర్వాత. సాయంత్రం సినగాగ్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. హాలు ఇస్తారట, తిండి మాత్రం లోపలికి రానివ్వరట. ఏప్రిల్ 1 రాత్రి పస్కా మొదలు కాబట్టి ఈ గురువారానికల్లా కట్టడమంతా కడిగి సిద్ధం చేస్తున్నారు. ఆ తర్వాత బయటి తిండి గడప దాటకూడదు. డబ్బాల మూత తీయము, కారు ఎక్కేటప్పుడు పంచుతాము అన్నాను. అదీ కుదరదన్నారు. వద్దనుకుంటే కట్టిన 300 డాలర్లు వెనక్కి ఇస్తారట.

మిరపతోట, 10:22
ఆరు కిలోల బియ్యం, కిలో చింతపండు కొని పెట్టుకున్నాను. జనవరిలో మీ పులిహోర రుచి చూడాలన్నది వాళ్లే కదా? పులిహోరలో గోధుమలు లేవు, పులిసిన పిండి లేదు. అన్నం, చింతపండు, పోపు, అంతే. మన తిండిని గుమ్మంలో ఆపే చోట మన పిల్లలను కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు.

కవలల అమ్మ, 10:41
అక్కా, తప్పు నాది. ఐదేళ్లుగా అక్కడ ఒకటో తరగతికి అక్షరాలు చెబుతున్నాను, ఈ నియమం నాకు తెలియనిది కాదు. తేదీ అనుకున్నప్పుడు ఉగాది అయ్యాక వచ్చే ఒక ఆదివారం అని మాత్రమే చూశాను. గోధుమ, బార్లీ, రై, ఓట్సు, స్పెల్ట్ అనే ఒక రకం గోధుమ, వీటిలో ఏ పిండైనా నీళ్లు కలిపాక 18 నిమిషాలు ఊరికే ఉంటే పులిసినట్టే లెక్క. పండుగ ఎనిమిది రోజులూ అది ఇంట్లో ఉండకూడదు. మీ పులిహోరలో గోధుమ లేదన్నారు కదా, ఇంగువ డబ్బా వెనక ఒకసారి చూడండి.

మిరపతోట, 10:49
చూశాను. గోధుమ పిండి అని రాసి ఉంది. ఇరవై ఏళ్లుగా వాడుతున్నాను ఈ డబ్బా.

కవలల అమ్మ, 10:55
ఇంగువ మానేసినా తేలదు. అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదు) కుటుంబాలు చాలావరకు పస్కా రోజుల్లో బియ్యం, పప్పులు, ఆవాలు ముట్టవు. పోపు గరిటెలో ఇక మిగిలేది ఎండుమిర్చి, కరివేపాకు. సెఫార్దీలు, అంటే స్పెయిన్ వైపు మూలాల యూదులు, చాలామంది అన్నం తింటారు. మా అత్తగారు అష్కెనాజీ. ఆవిడ పస్కాకు వచ్చిందంటే మా కందిపప్పు, శనగపప్పు, ఆవాల డబ్బా అన్నీ ఒకే అలమరలోకి చేరతాయి, దానికి దుప్పటి కట్టేస్తాను.

ఎడిసన్ మాస్టారు, 11:08
మా నాయనమ్మ మడి కట్టుకుంటే మేము వంటింటి గడప తొక్కేవాళ్లం కాదు. అలాంటిదే అనుకుని సర్దుకుందాం. మనకు కొత్తేమీ కాదు కదా.

చేబ్రోలు కాలువ, 11:20
మాస్టారూ, 'మనకు' అనకండి. ఆ మడి మా తాతను వాకిట్లో నిలబెట్టి, దోసిలి పట్టమని పైనుంచి నీళ్లు పోసింది. కొత్తరెడ్డిపాలెంలో హీబ్రూ నేర్చుకుంటున్న కుటుంబాలూ మాదిగ వాడ నుంచి వచ్చినవే. మేము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని, బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకుంటారు. 1990ల మొదట్లో అక్కడ సొంతంగా సినగాగ్ పెట్టుకున్నారు. ఆదివారం నేను చూపించబోయేది వాళ్ల పిల్లలను. మడితో పోల్చి ఈ పాఠం మొదలుపెట్టేటట్టయితే నా ప్రొజెక్టరు నా ఇంట్లోనే ఉంటుంది.

మిరపతోట, 11:26
మాస్టారు ఏదో సర్దిచెప్పబోయారు, అంత మాట ఎందుకు?

చేబ్రోలు కాలువ, 11:29
అక్కా, మీ పులిహోరతో నాకు పేచీ లేదు. ఆ పోలికతోనే.

లెక్కల పుస్తకం, 11:58
పొద్దున అందరికీ ఆఫీసులు ఉన్నాయి. పడుకోండి.

ఎడిసన్ మాస్టారు, బుధవారం ఉదయం 6:10
తమ్ముడూ, రాత్రి నేను రాసింది గడపకు లోపలి వైపు కూర్చున్నవాడి మాట. తప్పే. దాన్ని తీసేయడం లేదు. తీసేస్తే నువ్వు ఎందుకు కోప్పడ్డావో తర్వాత చదివేవాళ్లకు అర్థం కాదు.

కవలల అమ్మ, 7:30
ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. అక్కడ ఆపుతున్నది పిండిని, మనుషులను కాదు. రబ్బీగారి (యూదుల మతగురువు) భార్య ఇంట్లో చేసిన కేకు మామూలు రోజుల్లో కూడా ఆ వంటింట్లోకి రాదు.

చేబ్రోలు కాలువ, 7:44
సరే. ఫోటోలు తెస్తాను. ఎక్కడికి తేవాలో చెప్పండి.

లెక్కల పుస్తకం, మధ్యాహ్నం 12:35
డబ్బు వెనక్కి అడిగాను, ఇస్తున్నారు. లైబ్రరీ గది ఖాళీ లేదు. డొనాల్డ్‌సన్ పార్కు అన్నారు ఎవరో. మార్చి నెలాఖరులో రారిటన్ నది గాలికి పిల్లల సంగతి అటుంచి, కాగితాలే నిలవవు. మాస్టారి గరాజ్‌లో రెండు కార్లు పడతాయి.

ఎడిసన్ మాస్టారు, 12:50
కార్లు వీధిలో పెడతాను. ట్రెడ్‌మిల్లు కదలదు, దాని మీద దుప్పటి కప్పుదాం. కింద పరవడానికి చాపలు కావాలి.

కవలల అమ్మ, 1:15
గరాజ్ అయినా ఆ 14 మందిలో సగం ఇళ్లలో కోషర్, అంటే యూదుల ఆహార నియమాలు, పాటిస్తారు. కోయని అరటిపళ్లు, కమలాలు చాలు. మత్సా, అదే మన బైబిల్లోని పులియని రొట్టె, కొని తినిపిద్దామనుకోకండి. పండుగ రాత్రి కొత్తగా తినాలని కొందరు ముందు రెండు వారాలు దాన్ని ముట్టరు. ఒకటి గుడ్డలో చుట్టి దాచి వెతికిద్దాం, పస్కా రాత్రి పిల్లలకు ఎలాగూ ఆ ఆట ఉంటుంది.

రాత్రి నిద్ర పట్టక ఇంకొకటి ఆలోచించాను. మధ్యయుగాల్లో అష్కెనాజీ పిల్లలను మొదటిసారి అక్షరాలకు కూర్చోబెట్టినప్పుడు పలక మీది అక్షరాలకు తేనె పూసి నాకించేవారు. మనం పళ్లెంలో బియ్యం పోసి వేలు పట్టి దిద్దిస్తాం. రెండూ చేయిద్దాం. మిరపతోట అక్క దగ్గర ఆరు కిలోలు ఉన్నాయి కదా.

హీబ్రూ 22 అక్షరాలూ పెట్టుకోను. రెండే. బెత్ కడుపులో చుక్క ఉంటే 'బ', లేకపోతే 'వ'. షిన్‌కు కుడి భుజం మీద చుక్క ఉంటే 'ష', ఎడమ భుజం మీద ఉంటే 'స'. మా ఒకటో తరగతిలో చుక్క తప్పిపోయిందని ఏడ్చినవాడు ఉన్నాడు. బియ్యంలో అయితే చిటికెన వేలితో మళ్లీ పెట్టుకోవచ్చు. మన పిల్లలు ఎడమ నుంచి మొదలుపెడతారు, అందుకని ప్రతి పళ్లేనికీ కుడి అంచున ఎర్ర బొట్టు అంటిద్దాం. మాస్టారూ, గుణింతం దగ్గర నాతో కలవండి. మన గుడి నెత్తికెక్కితే వాళ్ల 'ఇ' గుర్తు హిరిక్ అక్షరం కాళ్ల దగ్గర ఒక్క చుక్కగా కూర్చుంటుంది. పలికేది మాత్రం అదే 'ఇ'.

మిరపతోట, 1:40
బియ్యం తెస్తాను. పసుపు కలపనా?

కవలల అమ్మ, 1:42
కలపండి, తెల్ల పళ్లెంలో గీత బాగా తేలుతుంది.

మిరపతోట, 1:45
ఎండబెట్టిన వేపపువ్వు కూడా ఉంది. పస్కా పళ్లెంలో చేదు ఆకు పెడతారన్నావు కదా, దాని పక్కన వాసన చూపిద్దాం. తినిపించనులే.

ఎడిసన్ మాస్టారు, శుక్రవారం రాత్రి 9:05
చాపలు పరిచాను. మా మనవడిని గరాజ్ తలుపు తీయమని తెలుగులో చెప్పి, కాసేపు చూసి, ఇంగ్లీషులో చెప్పి తీయించాను. హీబ్రూను మళ్లీ మాట్లాడే భాషగా చేయాలని పూనుకున్న ఎలియెజర్ బెన్ యెహూదా 1882లో పుట్టిన కొడుకుతో హీబ్రూ తప్ప వేరే భాష మాట్లాడనివ్వలేదు. ఆ తండ్రి పట్టుదల గొప్పదే, ఆ పిల్లవాడికి ఆడుకోవడానికి తోడు దొరికి ఉండదు.

చేబ్రోలు కాలువ, శనివారం ఉదయం 10:30
పగటి వెలుగులో గరాజ్ గోడ మీద ప్రొజెక్టరు కనబడదు. ఫోటోలు అచ్చు వేయించాను, పన్నెండు. దండెం కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీస్తాను. తాడు ఉందా మాస్టారూ?

ఎడిసన్ మాస్టారు, 10:34
ఉంది. మెట్ల కింద నిచ్చెన కూడా ఉంది.

లెక్కల పుస్తకం, సాయంత్రం 4:10
తేనె నాలుగు సీసాలు కొన్నాను. అక్షరాల కాగితాలకు ప్లాస్టిక్ తొడిగించాను, తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. పిల్ల పిల్లకీ వేరే కాగితం.

కవలల అమ్మ, రాత్రి 8:31
షబ్బాత్ (యూదుల శనివారపు విశ్రాంతి దినం) ఇప్పుడే ముగిసింది, ఫోను చూశాను. అంతా బాగుంది. ఒక తల్లి రాసింది, వాళ్ల అబ్బాయి పస్కా నాలుగు ప్రశ్నలూ చూడకుండా పాడతాడట, ట్రెడ్‌మిల్లు ఎక్కి పాడతానంటున్నాడట. దుప్పటి గట్టిగా కట్టండి. ఇంతకీ పలకలు ఎవరు తెస్తున్నారు?

ఎడిసన్ మాస్టారు, 8:36
పలకలు మరిచిపోమ్మా. పళ్లేలు 17 లెక్కపెట్టి పెట్టాను, ఇద్దరికి ఒకటి. తేనె సీసాలు రేపు వచ్చేటప్పుడే తెండి, మా గరాజ్‌లో చీమలు ఉన్నాయి.