నగరంలో మేయర్ పెద్దా, కమిషనర్ పెద్దా?

మాధవి:
పోటీ పరీక్షకి నగర పాలన చదువుతున్నాను. ఒక పుస్తకంలో మేయర్ నగర ప్రథమ పౌరుడు అని ఉంది. ఇంకో దాంట్లో అమలు అధికారమంతా కమిషనర్‌దే అంటున్నారు. అమెరికా అధ్యాయంలో సిటీ మేనేజర్ అని ఇంకొకరు వచ్చారు. ఇంతకీ నగరాన్ని నడిపేది ఎవరండీ?

శేషగిరి:
మాధవి గారూ, కౌన్సిల్ సమావేశాల మినిట్స్ రాసే సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. పదవి పేరు పక్కన పెట్టి రెండు విషయాలు చూడండి. ముఖ్య అధికారిని వేసేది, తీసేది ఎవరు? బడ్జెట్ ముసాయిదా తయారయ్యేది ఎవరి దగ్గర?

మన కార్పొరేషన్లలో కమిషనర్‌ని వేసేది రాష్ట్ర ప్రభుత్వం. 1888 నాటి బొంబాయి మున్సిపల్ చట్టం వేసిన దారి ఇది. మేయర్ సభకి అధ్యక్షత వహిస్తారు, కౌన్సిల్ తీర్మానం చేస్తుంది, అమలు మాత్రం కమిషనర్ చేతిలో. నగర స్థానిక సంస్థల కోసం తెచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాంతో రాజ్యాంగంలో పన్నెండో షెడ్యూల్ వచ్చి, నగరాలకి అప్పగించదగ్గ 18 అంశాలు అందులో చేరాయి. వాటిలో నగరానికి ఎన్ని అప్పగించాలో మళ్లీ శాసనసభే తేల్చాలి. అందుకే కొళాయి నీళ్ల దగ్గర్నుంచి బస్సుల దాకా వేరే వేరే బోర్డుల కింద ఉంటాయి. జనం ఓటేసి గెలిపించిన కార్పొరేటర్ ఆ బోర్డుకి అర్జీ పెట్టుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నజీమా:
సిటీ మేనేజర్ కూడా నియమిత అధికారే. తేడా ఏంటంటే, ఆయన్ని వేసేది, తీసేది నగర కౌన్సిలే. 1908లో వర్జీనియాలోని స్టాంటన్ పట్టణం ఇలాంటి అధికారిని పెట్టుకుంది. 1913 వరదల్లో ఒహాయోలోని డేటన్ నగరం మునిగాక అక్కడా ఈ పద్ధతి తెచ్చారు, దాంతో పేరొచ్చింది. ఇప్పుడు డాలస్, ఫీనిక్స్ కూడా ఇంతే. న్యూయార్క్‌లో అయితే శాఖల కమిషనర్లను మేయరే వేసుకుంటారు.

మాధవి:
థాంక్యూ నజీమా గారూ. అయితే మేయర్‌ని జనమే నేరుగా ఎన్నుకుంటే ఈ గొడవ తీరిపోతుంది కదా?

శేషగిరి:
అంత తేలిక కాదమ్మా. లండన్‌లో 2000 నుంచి మేయర్‌ని నేరుగానే ఎన్నుకుంటున్నారు. రవాణా ఆయన చేతిలో ఉంది. చెత్త ఎత్తించే బాధ్యత మాత్రం బరోలనే 32 స్థానిక పాలనా విభాగాలది, నగరం నడిబొడ్డున ఉన్న పాత సిటీ కార్పొరేషన్‌ది. మేయర్ బడ్జెట్‌ని లండన్ అసెంబ్లీ (నగరానికి ఎన్నికైన సభ) మార్చాలంటే 25 మంది సభ్యుల్లో ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి. ఎన్నిక ఎలా జరిగింది అన్నది ఒక లెక్క, ఏ శాఖ ఎవరికిచ్చారు అన్నది ఇంకో లెక్క. నా ఓటు రెండోదానికే.

మీ సిలబస్‌లో ఉన్న మున్సిపల్ చట్టం తీసి కమిషనర్ నియామకం సెక్షన్, స్టాండింగ్ కమిటీ (కౌన్సిల్ సభ్యుల్లో కొందరితో ఏర్పడే కమిటీ) సెక్షన్ ముందు చదవండి. ఎంత ఖర్చుకి ఎవరి మంజూరు కావాలో కూడా ఆ చుట్టుపక్కలే దొరుకుతుంది.