కుక్క మలాన్ని అపార్ట్‌మెంటు కంపోస్టు తొట్టిలో వేయవచ్చునా?

మూడో అంతస్తు:
కూకట్‌పల్లిలో అరవై ఇళ్లున్న మా అపార్ట్‌మెంటులో వంటింటి తడి చెత్త బయటికి పోకుండా నిరుడు వెనుకవైపు రెండు ఇటుక తొట్లు కట్టించి కంపోస్టు చేసుకుంటున్నాము. ఆ ఎరువునే మేడమీది ఆకుకూరల మళ్లకు వాడుతున్నాము. ఇప్పుడు కుక్కలను పెంచుతున్న తొమ్మిది ఇళ్లవారు వాటి మలాన్ని కూడా అందులోనే వేయనివ్వాలని కోరుతున్నారు. పేడ ఎరువైనప్పుడు ఇది ఎందుకు కాకూడదన్నది వారి ప్రశ్న. మొన్నటి సంఘం సమావేశంలో గంటన్నర మాట్లాడుకున్నా విషయం తేలలేదు. నా ఇంట్లోనూ ఒక కుక్క ఉన్నది కనుక నేను పూర్తిగా తటస్థుడిని కాను. తెలిసినవారు కారణాలతో సహా చెప్పాలని మనవి.

బాల్కనీ తోట:
వేయవచ్చుననే నా అభిప్రాయం. ఇప్పుడు జరుగుతున్నదేమిటో చూడండి. మట్టిలో తేలికగా కలిసిపోగల పదార్థాన్ని ఏళ్ల తరబడి చివకని ప్లాస్టిక్ సంచిలో ముడివేసి, చెత్త తీసుకుపోయే స్వచ్ఛ ఆటో ఎక్కించి, జవహర్‌నగర్ చెత్త గుట్టకు పంపుతున్నాము. ఎండుటాకులు, రంపపు పొట్టు బాగా కలిపితే తొట్టిలో వాసన కూడా అంతగా రాదు. ఆకుకూరలకు అభ్యంతరమైతే ఆ ఎరువును పూలమొక్కలకే పరిమితం చేసుకోవచ్చు.

పశువైద్యం చదివినవాడు:
బాల్కనీ తోట గారు చెప్పిన ప్లాస్టిక్ సమస్య నిజమే గాని, పేడతో పోలిక చెల్లదు. కుక్క కడుపులో టాక్సోకారా అనే ఏలికపాము, కొంకి పురుగులు తరచుగా ఉంటాయి, వాటి వల్ల మనుషులకూ, ముఖ్యంగా మట్టిలో ఆడుకునే పిల్లలకు, జబ్బు చేస్తుంది. టాక్సోకారా గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉండగలవు. నోట్లోకి పోతే వాటి నుంచి వచ్చే లార్వాలు, అంటే పిల్ల పురుగులు, కాలేయానికి, ఒక్కోసారి కంటికి కూడా చేరుతాయి. ఇటువంటి క్రిములు చావాలంటే కుప్ప అంతటా కనీసం 55 డిగ్రీల వేడి వరుసగా కొన్ని రోజులు నిలవాలి. ఇటుక తొట్టిలో మధ్యభాగం వేడెక్కినా అంచులు చల్లగానే ఉంటాయి, వానపాముల ఎరువులోనైతే వేడి పుట్టనే పుట్టదు. పూలమొక్కలకే వేస్తామంటారు, కాని ఆ కుండీల మట్టిని చేతులతో కెలికేది మనమే కదా.

ఇందులోనే ఒక మంచి సంగతి కూడా ఉన్నది. అప్పుడే పడిన మలంలోని టాక్సోకారా గుడ్డు వల్ల జబ్బు అంటదు, అది ఆ స్థితికి చేరడానికి మట్టిలో కొన్ని వారాలు పడుతుంది. కనుక వెంటనే ఎత్తివేయడం, వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం నట్టల మందు వేయించడం అనే రెండు పనులతోనే సగం సమస్య తీరుతుంది.

సంఘం కోశాధికారి:
మా సముదాయంలో ఈ తగవు వచ్చినప్పుడు పచ్చరంగు ఆకు బొమ్మ ఉన్న సంచులు కొని, పర్యావరణానికి ఉపకారం చేశామని మురిసిపోయాము. తరువాత తెలిసినది ఏమిటంటే, కంపోస్టయ్యే ప్లాస్టిక్‌కు ఐఎస్ 17088 అనే ప్రమాణం ఉన్నది, దానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉండాలి, అవన్నీ ఉన్నా అది చివికేది పారిశ్రామిక కంపోస్టు కేంద్రంలోని వేడిలోనే. చెత్త గుట్టలో పడితే అది మామూలు సంచికన్నా మేలు చేస్తుందని చెప్పలేము. అంత ధర పెట్టి కొన్నది మన మనశ్శాంతినే. మలం ఎత్తడానికి పాత దినపత్రిక మాకు బాగా పనికివచ్చింది.

ఎస్టీపీ ఉన్న ఇల్లు:
ఎస్టీపీ, అంటే మురుగునీటిని శుద్ధిచేసే కేంద్రం, ఉన్నచోట కుక్క మలానికి తగిన చోటు మన మలం పోయే చోటే. కాగితంతో ఎత్తి, కాగితాన్ని వేరు చేసి, మలాన్ని మాత్రమే కమోడ్‌లో వేసి నీళ్లు వదలండి. సంచి, రాళ్లు, వెంట్రుకలు వేయకూడదు. మురుగు శుద్ధి కాకుండా నాలాలో కలిసే ఇళ్లకు మాత్రం ఇది వర్తించదు. పిల్లి మలాన్ని కూడా ఇలా వదలకూడదు, ఎందుకంటే అందులో ఉండగల టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి మురుగు శుద్ధిని తట్టుకొని నీటి వనరులకు చేరగలదు. పిల్లి మలవిసర్జనకు పెట్టే తొట్టిలో వాడే బెంటొనైట్ అనే బంకమట్టి గనుల నుంచి తవ్వి తెచ్చేది, చివకదు, తడిస్తే ఉబ్బి గొట్టాలను పూడ్చివేస్తుంది. దానికి బదులు సామిల్లు రంపపు పొట్టు వాడి, రోజూ తీసి, కాగితంలో చుట్టి విడిగా ఇవ్వడం మేలు.

బాల్కనీ తోట:
తొట్టి విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాని కాగితంలో చుట్టిన మలాన్ని ఏ డబ్బాలో వేయాలి? 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు డైపర్ల వంటివాటిని తగిన చుట్టలో చుట్టి పొడి చెత్తలో వేయమన్నాయి, పెంపుడు జంతువుల మలం పేరు వాటిలో కనబడలేదు. తడి చెత్తలో వేస్తే దానిని చేతులతో వేరుచేసే కార్మికుల మాటేమిటి?

మూడో అంతస్తు:
ఆ మాటతోనే మా సమావేశంలో మొగ్గు మారింది. ఆదివారం తొట్ల దగ్గర "వంటింటి చెత్త మాత్రమే" అని పలక పెట్టాము. మాకు ఎస్టీపీ ఉన్నది కనుక కుక్కల మలం కమోడ్‌కే పోతుంది. మురికైన కాగితానికి, పిల్లులకు వాడిన రంపపు పొట్టుకు ఎర్ర చుక్క పెట్టిన మూత డబ్బా ఒకటి కేటాయించాము, ఆటో కార్మికుడికి అందులో ఏమున్నదో ముందే చెప్పాము. ఇద్దరు మాత్రం కమోడ్ పద్ధతి తమవల్ల కాదంటున్నారు. వారికి కూడా ప్రస్తుతానికి ఆ డబ్బాయే దారి.